పది మాత్రల పంపకం

ఈ పాపం మీదే. వయసు చూసి, మగాడా ఆడదా అని చూసి మాంసం ముక్కలు పంచే పెద్దలారా, మందు కూడా అలాగే పంచుకు తిన్నారు.

నారిన్ పట్నం దగ్గర ఒక ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు ఉల్జాన్. ఆ మధ్యాహ్నం ఇంట్లో వంగి పిండి ఒత్తుతోంది. వంగినప్పుడల్లా కుడి చెంప లోపల సమ్మెట దెబ్బ, పైపళ్ళ సలుపు. జలుబు పట్టి పన్నెండు రోజులు. ఆరో రోజుకి తగ్గింది, ఎనిమిదో రోజు జ్వరంతో తిరగబెట్టింది. తిరగబెట్టేదాకా ఆమె ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కుందంతే. మామూలు జలుబుకి యాంటీబయాటిక్ దండగని ఊరందరికీ చెప్పేది ఆమే మరి. తిరగబెట్టాక పట్నం డాక్టరమ్మ చూసింది.

"చెంప ఎముక లోపల చీము పట్టింది, ఇది దానంతట అది పోయేలా లేదు. నీకు పెన్సిలిన్ పడుతుందిగా? సూదులొద్దు. క్లావులనేట్ కలిపిన అమాక్సిసిలిన్ చాలు. రోజుకి రెండు, ఏడు రోజులు. మధ్యలో ఆపావో, నాతో మాటలు పడతావ్."

పద్నాలుగు మాత్రలు. నాలుగు వేసుకుంది. ఇవాళ పొద్దున చూస్తే అలమరలో పెట్టె లేదు. ఇల్లంతా వెతికి, చివరికి అత్తనడిగింది.

"నేనే తీశా. నిన్న అందరూ తుమ్ముతున్నారు. మీ మామగారికి నాలుగు, పెద్దాడికి మూడు, చిన్నాడికి మూడు. తలా ఒకటి మింగారు కూడా."

"మరి నాకు?"

"నీకేంటే, మందుల మధ్యే ఉంటావు! ఇంకో పెట్టె తెచ్చుకో."

మరిది నూర్దిన్ పకపకా నవ్వాడు. "వదినా, నాకు జలుబు పట్టి ఇంకా మూడో రోజే. ఒక్క మాత్రకే ముక్కు ఎలా తెరుచుకుందో చూడు!"

"ఆవిరి పట్టినా తెరుచుకునేది."

మొగుడు తోక్తోబెక్ ఫోన్లోంచి తలెత్తలేదు. "జలుబుకింత రాద్ధాంతమా? ముందు తిండి సంగతి చూడు."

పదిహేనేళ్ళుగా ఈ ఇంట్లో తొడ ఎముక మామగారిది, ఆ తర్వాతి ముక్కలు కొడుకులవి, కుండకి అంటుకున్నది ఆమెది. ఎప్పుడూ నోరు విప్పలేదు. మాంసం తక్కువైతే మనిషి చావదనుకుంది. ఇలాంటి చీమే కళ్ళ వెనక్కి పాకి మంచాన పడ్డ ఆడవాళ్ళని ఆమె తన చేతులతోనే పట్నం ఆసుపత్రికి బండెక్కించింది. వాళ్ళూ కోడళ్ళే. వాళ్ళ మందూ ఇలాగే వరస ప్రకారం పోయిందేమో, అప్పుడు అడగాలని తట్టలేదు.

చేతులు కడుక్కుంది. తల వంచకుండా మాట్లాడింది.

"మీకు అక్కర్లేని మందు మీరు మింగారు. నాకు కావలసింది నాకు లేకుండా చేశారు. మిగిలిన ఏడూ ఎవరి జేబులోంచి వాళ్ళు తీసి ఇప్పుడే నా చేతిలో పెట్టండి. మామగారూ, మీరు కూడా. మింగేసిన మూడింటికి, ఏమండీ, మీరే పట్నం వెళ్ళాలి. మందుల షాపు మూసేలోపు తేవాలి. లేవండి."