జానా నాలుగు వేళ్ళు

మేస్త్రి తాత చేతికి ఒక జబ్బుంది. ఏం కట్టినా కొసరు వెయ్యకుండా ఆగదు. గుమ్మం కట్టమంటే బెత్తెడు వెడల్పు ఎక్కువ పెడతాడు. మెట్లు కట్టమంటే చివర ఒక మెట్టు అదనంగా వేస్తాడు. ఆయన కట్టిన ఇళ్ళలో తలుపులన్నీ విడిగా చేయించుకోవాల్సిందే, బజారులో దొరికేవి ఒక్కటీ పట్టవు. “కొలత తగ్గితే నన్ను తిట్టండి. పెరిగితే తిట్టేవాడెవడు?” అంటూ నలభై ఏళ్ళు దర్జాగా బతికాడు. పని మానేసి పదేళ్ళవుతున్నా తాపీ, రసమట్టం, ఇనప టేపు ఇంకా మంచం కిందే ఉన్నాయి.

ఊళ్ళో మునిసిపాలిటీ వాళ్ళ స్విమ్మింగ్ పూల్ ఆయన చేతి పనే. కూతురు ఆ పూల్ గేటు దగ్గరే టికెట్లు ఇచ్చే ఉద్యోగం చేస్తోంది. అల్లుడు లారీ డ్రైవరు, నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అందుకని మనవరాలు నడక రాకముందు నుంచే ఆ నీళ్ళ దగ్గర పెరిగింది. చిన్నప్పుడు నీళ్ళలో మూతి పెట్టి బుడగలు తీస్తూ కూర్చునేది కాబట్టి “బుడగ” అని పేరు పడింది. పదిహేడేళ్ళొచ్చినా ఆ పేరు వదల్లేదు. పిలిస్తే పలుకుతుంది కూడా, పాపం.

ఈ బుడగ దరఖాస్తు పెట్టింది అల్లాటప్పా యూనివర్సిటీకి కాదు. వందమంది అడిగితే నలుగురికి సీటిచ్చే చోటు. ఆ వందమందీ మార్కుల్లో ఉద్దండులే, కనుక లెక్కల్లో తనకెన్ని వచ్చినా గుంపులో గోవిందా. ఉన్నదల్లా ఒక్కటే దారి. అక్కడి ఈత కోచ్ ఏటా ఆరుగురి పేర్లు అడ్మిషన్ల కమిటీ ముందు పెట్టొచ్చు. ఆయన ఫోన్లో మాట దాచుకోకుండా చెప్పాడు. “పదిహేను వందల మీటర్లు, పదిహేడు నిమిషాల పది సెకన్లలో ఈదు. గుర్తింపున్న పోటీలోనే ఈదాలి. నెలాఖరు లోపల. ఈదితే నీ పేరు పెడతాను. లేదంటే నీ మార్కులతో నువ్వు ప్రయత్నించుకో.”

ఊళ్ళో పూల్‌లో బుడగకి పదిహేడు నిమిషాల ఇరవై ఒక్క సెకను పడుతోంది. పదకొండు సెకన్లు తగ్గాలి.

“పదకొండేగా! చిటికెలు వేసినంత పని,” అన్నాడు తాత, నిజంగానే పదకొండు చిటికెలు వేసి.

“నువ్వు చిటికెలు వెయ్యి, నేను ఈదుతాను,” అంది బుడగ. ఆ ఇంట్లో ధైర్యానికి ఎప్పుడూ లోటు లేదు.

పక్క నగరంలో గుర్తింపున్న పోటీకి కోచ్ మేడమ్ ఆ పిల్లని తీసుకెళ్ళింది. ఊళ్ళో పిల్లలకి ఈత నేర్పేది ఆవిడే. సాయంత్రానికి ఇద్దరూ తిరిగొచ్చారు. బుడగ కుంటుతోంది, రెండు మడమలూ కమిలిపోయి ఉన్నాయి. పట్టిన సమయం పదిహేడు నిమిషాల నలభై మూడు సెకన్లు.

“పై ఊరు వెళ్ళేసరికి బెదిరిపోయింది మేస్త్రిగారూ,” అంది కోచ్ మేడమ్ కుర్చీలో కూలబడి. “కొందరు పిల్లలంతే. సొంత ఊళ్ళో బంగారంలా ఈదుతారు, కొత్తచోట చేతులెత్తేస్తారు.”

“నేనేం బెదరలేదు,” అంది బుడగ. “గోడ ముందే వచ్చేసింది.”

“గోడ నడిచొచ్చిందా?” అంది వాళ్ళమ్మ ఐసు గడ్డలు గుడ్డలో చుడుతూ.

“వచ్చిందమ్మా! పదిహేడు చేతులు లెక్కపెట్టుకుని, పల్టీ కొట్టి, కాళ్ళతో గోడని తన్ని మలుపు తిరుగుతాను కదా. అక్కడ పదిహేడో చెయ్యి వేసి తిరిగితే, కాళ్ళు వెళ్ళి ఎక్కడో గట్టు అంచుకి కొట్టుకున్నాయి. ఒకసారి కాదు, ప్రతిసారీ.”

ఊళ్ళో పూల్‌లో అడుగున, గోడ దగ్గరపడిందని చూపించే నల్లగీత ఎప్పుడో చెరిగిపోయింది. ఎవరూ మళ్ళీ వెయ్యలేదు. అందుకే ఈ పిల్ల గీత చూసి కాకుండా చేతులు లెక్కపెట్టి ఈదడం నేర్చుకుంది.

అంతే, తాత ఒంటికాలి మీద లేచాడు. “చూశారా! అక్కడి మేస్త్రి ఎవడో కొలత కొట్టేశాడు! ఇరవై అయిదు మీటర్లని చెప్పి తక్కువ కట్టాడు! ఉండండి, నా టేపు పట్టుకొచ్చి వాడి బండారం బయటపెడతాను.”

“మేస్త్రిగారూ, కూర్చోండి,” అంది కోచ్ మేడమ్. “ఆ పూల్‌ని అధికారులు యంత్రంతో కొలిచి సర్టిఫికెట్ ఇచ్చారు. గేటు పక్కనే ఫ్రేము కట్టి పెట్టారు. మీ పూల్‌కే లేదు సర్టిఫికెట్.”

ఆ మాట తాతకి ముల్లులా గుచ్చుకుంది. తన పూల్‌కి ఒకడు కొలిచి కాగితం ఇవ్వాలా? మర్నాడు మధ్యాహ్నం, శుభ్రం చెయ్యడానికి పూల్ మూసే వేళకి, కూతురు చేత గేటు తీయించుకుని ఒక్కడే లోపలికెళ్ళాడు. టేపు కొక్కెం ఒక గోడకి తగిలించి, గట్టు వెంట నడిచి, రెండో గోడ దగ్గర వంగి అంకె చూశాడు.

ఇరవై అయిదు మీటర్లు. పైన ముప్పై సెంటీమీటర్లు.

టేపు మెలిపడిందేమోనని మళ్ళీ లాగాడు. అదే అంకె. జానెట్టి చూశాడు, పైన వేళ్ళు పెట్టి చూశాడు. జానా నాలుగు వేళ్ళు. అప్పుడు గుర్తొచ్చింది. టైల్సు అతికిస్తే చోటు తగ్గుతుందని కొంచెం వదిలాడు. వచ్చిన టైల్సేమో పల్చనివి. ఆపైన, పిల్లలు ఈదే చోటు కదా, నాలుగు వేళ్ళు ఎక్కువుంటే కొంపలేం మునిగిపోతాయని తన చెయ్యే ఇంకాస్త జరిగింది. ఇంజనీరు కొలిచి, తగ్గలేదని సంతోషించి సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

టేపు చుట్టి జేబులో దోపుకుని ఇంటికొచ్చేశాడు. ఎవరికి చెప్తాడు? ఇన్నేళ్ళలో ఫలానా మేస్త్రి కొలత తప్పాడని ఒక్కడు అనలేదు. ఇప్పుడు ఊరంతా ముక్కున వేలేసుకుంటుంది. అదీగాక ఈ నోరే కదా నిన్న ఆ నగరం మేస్త్రిని దొంగని చేసింది! టేపుని మంచం కిందికి, బాగా లోపలికి తోసేశాడు.

వరండాలో బుడగ గోడకెదురుగా నిలబడి గాలిలో చేతులు వేస్తోంది. పదిహేను, పదహారు, పదిహేడు. ఆగి, తాతని చూసింది.

“తాతయ్యా, నేను నిజంగానే బెదిరిపోయానంటావా? మేడమ్ అన్నదే నిజమేమో. నాకు తెలీకుండానే భయపడ్డానేమో.”

ఆ పిల్ల నోట భయం అనే మాట తాత ఎన్నడూ వినలేదు. తన పరువు కోసం ఈ పిల్ల పిరికిదాన్నని నమ్ముకుని బతకాలా? థూ అనుకున్నాడు తనని తానే. మంచం కిందికి దూరి, దుమ్ము కొట్టుకుపోయి, టేపుతో బయటికొచ్చాడు.

“నువ్వు బెదరలేదే అమ్మడూ. తప్పంతా ఈ ముసలాడిది. జానా నాలుగు వేళ్ళు ఎక్కువ కట్టాను. చిన్నప్పట్నుంచీ నీ చేత ఊరికే ఎక్కువ ఈదించాను. రా, కావాలంటే రెండు తగిలించు.”

బుడగ నోట్సు వెనక అట్ట మీద లెక్క వేసింది. పదిహేను వందల మీటర్లంటే అరవై సార్లు ఆ గోడ నుంచి ఈ గోడకి. అరవై ముప్పైలు పద్దెనిమిది వందలు. పద్దెనిమిది మీటర్లు! వాటికి పన్నెండు సెకన్లు పైమాటే.

“తాతయ్యా! నేను ఈదేది పదిహేడు నిమిషాల తొమ్మిది సెకన్లు! ఎప్పుడో ఈదేస్తున్నాను!” అని తాతని పట్టుకుని గిరగిరా తిప్పేసింది. తాత తల తిరిగి మంచం మీద పడ్డాడు గానీ, మొహం మాత్రం వెలిగిపోతోంది.

సంగతి విని కోచ్ మేడమ్ ముందు బుడగ దగ్గరికెళ్ళి, “తప్పు మాట అన్నాను తల్లీ,” అంది. తర్వాత తాత వైపు తిరిగింది. “కానీ మేస్త్రిగారూ, ఈ లెక్క కాగితం మీద ఎవరికీ చూపించలేం. ఆ నగరంలో ఇంకొక్క పోటీ ఉంది, పన్నెండు రోజుల్లో. అక్కడే ఈదాలి. పదిహేడు చేతుల లెక్క పిల్ల ఒంట్లో పాతుకుపోయింది. కొలత సరిగ్గా ఉన్న పూల్‌లో సాధన చేస్తే గానీ అది మారదు. అలాంటి పూల్ ఇక్కడెక్కడుంది?”

“రేపు పొద్దున్నకి ఉంటుంది,” అన్నాడు తాత.

ఇంటికొచ్చి తన గది తలుపు ఊడదీశాడు. మామూలు తలుపు కాదు మరి, ఆయన పెట్టిన కొసరు గుమ్మానికి సరిపోయే తలుపు. కూతురు నెత్తి కొట్టుకుంది. “పిచ్చి పట్టిందా నాన్నా? తలుపు లేకుండా ఎలా పడుకుంటావ్?”

“కళ్ళు మూసుకుని పడుకుంటానే. అందరూ అలాగేగా పడుకునేది!”

తలుపుకి వెనక ఇనప చట్రం బిగించాడు. ముందు వైపు గరుకు పలకలు అతికించాడు. మర్నాడు పొద్దున దాన్ని పూల్ చివరి వరసలో దించి, గట్టుకి బోల్టులు బిగించి, వెనక ఇసక బస్తాలు కూరాడు. ఇక మిగిలింది కొలత. టేపు లాగి, చట్రాన్ని గుండుసూదంత గుండుసూదంత జరుపుతూ వచ్చాడు. ఇరవై అయిదు దగ్గరికొచ్చేసరికి చెయ్యి మొండికేసింది. అలవాటైన చెయ్యి కదా, ఇంకొక్క వేలు వదలమంటోంది. “ఊరుకో!” అని తన చేతినే పైకి గదిమాడు. సరిగ్గా ఇరవై అయిదు దగ్గర, వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా బోల్టు బిగించాడు. జన్మలో మొదటిసారి కొసరు లేని పని చేశాడు మేస్త్రి తాత.

మొదటి రెండు రోజులూ బుడగ మడమలు ఆ తలుపుకి తగులుతూనే ఉన్నాయి. తాత గట్టు మీద గొంతుక్కూర్చుని, పిల్ల దగ్గరికొచ్చిన ప్రతిసారీ “పదహారు! చాలు, తిరుగు!” అని అరిచాడు. నీళ్ళలో ఉన్న మనిషికి ఏం వినిపిస్తుందని కోచ్ మేడమ్ నవ్వింది. వినిపిస్తుందనే ఆయన నమ్మకం. ఆరో రోజుకి కాళ్ళు సరైన చోట పడ్డాయి. పదో రోజుకి బుడగ లెక్కపెట్టడమే మానేసింది. గోడ ఎక్కడుందో ఒంటికే తెలిసిపోయింది.

పోటీ రోజున తాతా కూతురూ కూడా వెళ్ళారు. తాత ముందుగా ఆ నగరం పూల్ గోడల్ని చేత్తో తడిమి చూశాడు. “పిసినారి గోడ. ఒక్క వేలు కూడా వదల్లేదు. కానీ పనిమంతుడే,” అని ఆ కనపడని మేస్త్రికి లోలోపల క్షమాపణ చెప్పుకున్నాడు.

ఈల మోగింది. ఎనిమిదిమంది ఆడపిల్లలు దూకారు. అందరూ ఎవరు ముందున్నారో చూస్తుంటే, తాత మాత్రం మనవరాలి మడమలే చూశాడు. యాభై తొమ్మిది మలుపులు. ప్రతి మలుపుకీ ఒక వేలు ముడిచాడు. ఒక్కటంటే ఒక్కటి తప్పు పడలేదు. ఆఖరిసారి బుడగ చెయ్యి గోడకి తగలగానే ఎదురుగా బోర్డు మీద ఎర్రంకెలు ఆగిపోయాయి. తాత కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాడు.

“ఎంత? ఎంతే?” అని కూతురి భుజం కుదిపేశాడు. ఆవిడ అప్పటికే ఏడుస్తోంది. నీళ్ళలోంచి బుడగే అరిచింది.

“పదిహేడు నిమిషాల ఏడు సెకన్లు! మూడు సెకన్లు కొసరు, తాతయ్యా!”

తాత అక్కడే, అంతమందిలో, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. సిగ్గేం పడలేదు.

మర్నాడు యూనివర్సిటీ కోచ్ ఫోన్ చేశాడు. గొంతులో అనుమానం దాగడం లేదు. “రెండు వారాల్లో ముప్పై ఆరు సెకన్లు ఎవరూ తగ్గించరమ్మా. ఏం జరిగింది? నాకు నిజం కావాలి.”

చెప్పొద్దని వాళ్ళమ్మ సైగ చేసింది. బుడగ మాత్రం తొణక్కుండా, చెరిగిపోయిన గీత దగ్గర మొదలుపెట్టి తాత గది తలుపు దాకా అంతా చెప్పింది. అవతల ఆయన పగలబడి నవ్వాడు.

“అంటే ఇన్నేళ్ళూ నువ్వు పోటీకి పద్దెనిమిది మీటర్లు ఎక్కువ ఈదుతూ సాధన చేశావన్నమాట. నీ పేరు ఇవాళే పెడుతున్నాను. మీ తాతయ్యని అడుగు, మా పూల్‌కి కూడా కొసరు వేసి పెడతారేమో.”

“సిమెంటు వాళ్ళదైతే చెయ్యి నాది, చెప్పు!” అని తాత పక్కగదిలోంచి కేక పెట్టాడు. తలుపు లేదు కదా, అన్నీ వినబడతాయి.

అయిదు వారాలకి ఉత్తరం వచ్చింది. టికెట్ల కిటికీ దగ్గరే వాళ్ళమ్మ చింపి చదివింది. సీటు వచ్చింది. ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ టికెట్లతోపాటు కబురు కూడా అందింది, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ.

సంగతి మునిసిపాలిటీ చెవిన కూడా పడింది. నీళ్ళు తోడి, ఒక చివర గోడ ముందుకి కట్టి, కొలత సరిచేసి సర్టిఫికెట్ తెప్పించాలని తీర్మానించారు. దగ్గరుండి చూసుకోమని తాతనే పిలిచారు. తాత తలుపు విప్పి ఇంటికి మోయించుకున్నాడు. నీళ్ళు తోడే రోజు పొద్దున, పనివాళ్ళు మోటారు వెయ్యబోతుంటే బుడగ ఈత బట్టల్లో వచ్చింది.

“ఒక్క నిమిషం ఆగమను తాతయ్యా. ఒక్కసారి.”

“ఇంకెందుకే? తప్పు కొలతేగా.”

ఆ పిల్ల అప్పటికే దూకింది. తొందరేం లేకుండా, నిదానంగా ఈదింది. తాత గట్టు వెంట పక్కనే నడుస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. పదిహేను. పదహారు. కొత్త గోడ రాబోయే చోటు దాటింది. పదిహేడో చెయ్యి వేసి, పాత గోడని ముట్టుకుని, అక్కడే దాన్ని పట్టుకుని కాసేపు ఉండిపోయింది.

“ఇక వెయ్యండి మోటారు,” అన్నాడు తాత, పిల్లకి చెయ్యి అందిస్తూ.