జాడీలో చెంచా

గాజు జాడీకి కట్టిన పంచె గుడ్డ విప్పి, పైన తేలుతున్న దోసెలాంటి పొరను పక్కకు జరిపాను. ఆదివారం పొద్దున ఆరు గంటలు. తొమ్మిదికి మా ఆయన వాకింగ్ స్నేహితులు నలుగురు ఈ కొంబుచా టీ తాగడానికి వస్తారు. పులుపు ఎక్కువైందేమో, తక్కువైందేమో అని లేచినప్పటి నుంచి నా కాళ్లు ఒకచోట నిలవడం లేదు. పెళ్లి కాదు, పరీక్ష కాదు, పులిసిన టీ. అయినా కుదరకపోతే మాట పడేది నేనే కదా.

ఎనిమిది నెలల కింద మా ఆయన అమర్‌నాథ్ బెంగళూరు నుంచి ఈ పొరను సీసాలో పెట్టుకొని హిందూపురం తెచ్చాడు. తనకు పొట్ట ఉబ్బరం, మామకు మలబద్ధకం. "పేగులకు మంచిదంట. నువ్వు ల్యాబ్‌లోనే కదా ఉండేది, నీకు ఇదెంత పని?" అన్నాడు. పెనుకొండ జూనియర్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుని నేను. మా పుట్టింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. ఆ డిగ్రీ ఈ ఇంట్లో ఎవరికైనా గుర్తుకొచ్చింది ఆ రోజే. టీ కాచడం, చల్లార్చడం, పొరను కొత్త టీలోకి మార్చడం, సీసాలు మరగబెట్టడం, చీమలు ఎక్కకుండా జాడీని నీళ్ల పళ్లెంలో నిలబెట్టడం, అన్నీ రైలు టైముకు ముందే. పరుగెత్తి రైలెక్కి, పెనుకొండలో దిగాక టిఫిన్ డబ్బా తెరుస్తాను. "నాకూ ఉబ్బరంగానే ఉండాది, ఒక గ్లాసు తాగేదా?" అని ఒకసారి అడిగాను. "నీది ఉబ్బరం కాదు, వేళకు తినవు, అంతే" అని నవ్వాడు. ధర్మవరంలో ఉన్న ఆడబిడ్డ హరిణికి మాత్రం నెలకు రెండు సీసాలు పోతాయి. "నేను పెట్టిందే, ఎట్లుండాది?" అని ఫోన్‌లో అడుగుతాడు.

మొదటి వారమే అత్త కన్యకమ్మ చెప్పింది, మీ మామ తాగకముందు ఎవరూ నోట్లో పెట్టుకోకూడదని. రుచి చూడకపోతే ఎంత పులిసిందో ఎట్లా తెలుస్తుంది అన్నాను. "ఊరగాయ పెట్టేటప్పుడు మేం రుచి చూస్తిమా? వాసన చాలు" అంది. మొదటి వాయి పానకంలా వచ్చింది, రెండోది నోరు కోసుకుపోయేంత పులుపు. "డిగ్రీ చదివినావు, టీ పులియబెట్టేది రాదా?" అన్నాడు మా ఆయన. మూడో వాయి నుంచి కుదిరింది. అప్పటి నుంచి అది ఆయన చేతి మహిమ అయింది.

ఈ పొద్దున జాడీలో ముంచి తీసిన చెంచా నోట్లో ఉండగానే వెనక నుంచి అత్త గొంతు వినబడింది.

"ఏమే ఉషా, ఏం చేస్తాండావు?"

"పులుపు చూస్తాండా అత్తా."

"మగోళ్లు తాగేదాన్ని ఎంగిలి చేస్తివి గదే! పారబోయి! మొత్తం పారబోయి!"

ఆ కేకకు మా ఆయన బ్రష్షుతోనే వచ్చాడు. మామ కూడా వచ్చాడు, నిన్నటి సీసాలోది గ్లాసులో పోసుకొని సగం తాగి. "ఇప్పుడు వాళ్లకేం ఇచ్చేది? ఒక్క పని సక్కగా చేయవు గదా నువ్వు" అన్నాడు మా ఆయన. అత్త జాడీని సింకు వైపు లాగుతోంది.

"పారబోస్తా అత్తా," అన్నాను. "మామ చేతిలోది కూడా ఇయ్యమను. ఫ్రిజ్‌లో ఉండేవి కూడా తీయండి. హరిణికి కూడా ఫోన్ చేసి చెప్పండి. మూడో వాయి నుంచి ప్రతి జాడీ నేను రుచి చూసినాకనే మీ గ్లాసుల్లోకి వచ్చింది."

మామ గ్లాసు గడ్డం దగ్గరే ఆగిపోయింది. అత్త చేతులు జాడీ మీదే ఉన్నాయి, కానీ లాగడం మానేశాయి. మా ఆయన గోడ గడియారం వైపు చూశాడు.

"వాళ్ల ముందర ఇదంతా అనొద్దు," అన్నాడు మెల్లగా.

"ఎవరు చేసినారని అడిగితే చెప్తా."

చెంచా పక్కన పెట్టాను. అలమరలోంచి పెద్ద గ్లాసు తీసి, నిండా వంచుకొని, వంటింట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చొని, ఇంకా ఎవరూ టిఫిన్ కూడా తినకముందే, నిదానంగా తాగాను.

పులుపు సరిగ్గా ఉంది.