అదురు

సెఫ్రూ ఊళ్లో పాతపేట సందులో రోలరు నడపాలంటేనే గిజ్లాన్‌కు గుండె దడ. ఆ రోడ్డుకు ఇంజనీరు ఆమే. రెండు పక్కలా తాతల నాటి మట్టిగోడల ఇళ్లు.

రోలర్లలో రెండు రకాలు. ఒకటి నేలను పైనుంచి దంచుతుంది. రెండోది డ్రమ్మును ముందుకూ వెనక్కూ ఆడిస్తూ నేలను రుద్దుతుంది. దాంతో గోడలకు అదురు అంతగా తగలదు. ఆమె అడిగింది రుద్దేదాన్ని. అది మరమ్మతులో ఉందంటూ కాంట్రాక్టరు దంచేదాన్ని పంపాడు. దంపు జోరు బాగా తగ్గించి, ఇళ్లు ఖాళీ చేయించి, భయంభయంగానే ఆమె ఒప్పుకుంది.

సందు మధ్యకు వచ్చేసరికి లల్లా తామూ అనే ముసలామె ఇంటి గోడలో సన్నటి బీట కనబడింది. చూస్తుండగానే అది వేలు పట్టేంత అయింది. పైనుంచి మట్టి జలజలా రాలింది. నేల అడుగున ఏదో పాత కాలువ ఉన్నట్టుంది.

"మా అమ్మ లోపలుంది! రొట్టెల పిండి పొంగిపోతుందని ఇందాకే మళ్లీ దూరింది!" అని ముసలామె కూతురు రఖియా కేక పెట్టింది. "ఆపండ్రా, ఆపండి!"

సందంతా అదే అరుపు. డ్రైవరు అల్లాల్ చేయి రోలరును ఆపే మీట మీదికి పోయింది.

గిజ్లాన్ గోడ వైపు చూసింది. ఇప్పుడు ఉన్నచోటే ఆపితే? అదురు ఒక్కసారిగా ఆగదు. నెమ్మదించేటప్పుడు గోడ ఊగే లయను అందుకుని దాన్ని ఇంకా గట్టిగా ఊపుతుంది. ఇంతవరకూ తట్టుకున్న గోడ ఆ ఒక్క క్షణంలో కూలిపోవచ్చు. తన లెక్క తప్పితే?

ఆమె రోలరుకు ఎదురుగా పరుగెత్తింది.

"ఆపొద్దు బాబాయ్! మీట ముట్టుకోవద్దు! ముందుకు రా, నా వెనకే రా!"

"పిచ్చెక్కిందా అమ్మాయ్? గోడ పడిపోతోంది!"

"ఆపితేనే పడుతుంది! రా!"

రఖియా ఆమె జబ్బ పట్టుకుని లాగింది. "మా అమ్మను చంపుతావా?" గిజ్లాన్ విదిలించుకుని, రెండు చేతులూ ఊపుతూ వెనక్కి నడిచింది. ఆ ఇనప డ్రమ్ము ఆమె కాళ్లకు మూరెడు దూరంలో దొర్లుకుంటూ వచ్చింది. సందు చివరి ఖాళీ స్థలం చేరాకే చేతులు దించింది. అల్లాల్ మీట లాగాడు. నేల ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టు ఊగి ఆగింది.

వెనక్కి చూడ్డానికి ఆమెకు ధైర్యం చాల్లేదు.

"నిలబడిందమ్మాయ్," అన్నాడు అల్లాల్.

పిట్టగోడ మూల ఒకటి విరిగి పెరట్లో పడింది, అంతే. మోచేతుల దాకా పిండితో లల్లా తామూ గుమ్మంలోకి వచ్చింది.

"ఏవమ్మా ఇంజనీరమ్మా, నా ఇల్లు దంచి పొడి చేద్దామనుకున్నావా?"

గిజ్లాన్ ముసలామె కాళ్ల దగ్గరే కూలబడి ఏడ్చింది. తరవాత కాంట్రాక్టరుకు ఫోను చేసింది.

"నీ యంత్రాన్ని తీసుకుపో. రుద్దేది వచ్చేదాకా ఈ సందులో పని లేదు."

అవతల అతను అరుస్తూనే ఉన్నాడు. ఆమె ఫోను కట్టేసి, గోడకు ఊతం పెట్టడానికి దుంగలు తెమ్మని మనుషుల్ని పంపింది.