మేనేజరు గది పొడవు

చేపల గోదాములో మేనేజరు గదికి టీ తీసుకెళ్ళడమంటే ఊరికి బయల్దేరినట్టే. అటెండరు ఫ్లాస్కు భుజానికి తగిలించుకుని, చెప్పుల పట్టీలు బిగించుకుని, "వెళ్ళొస్తానమ్మా" అని ప్యాకింగ్ వాళ్ళకు చెప్పి మరీ కదిలేవాడు. తలుపు దగ్గర నిలబడి చూస్తే, అవతలి చివర టేబులూ దాని వెనక మేనేజరూ కలిపి అగ్గిపెట్టెంత కనిపించేవారు. అటెండరు తిరిగొచ్చేసరికి ఇక్కడ భోజనాల బెల్లు కొట్టేసేవారు.

ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. ఆ గది అంతే మరి, కూర్చున్న మనిషిని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. పాత మేడమ్ ఉన్న రోజుల్లో ఎంత చిన్నదంటే, ఎదురుగా కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు ఆవిడ మోకాళ్ళకు తగిలేవి. "కాస్త జరుగు తల్లీ" అంటూనే ఆవిడ సగం గొడవలు తీర్చేసేది.

ఆవిడ రిటైరయ్యాక వచ్చిన ఈ మేనేజరు, వచ్చీరాగానే ఎదుటి కుర్చీలు తీయించేశాడు. గది కాస్త సాగింది. గోదాములోకి చూసే అద్దాల కిటికీకి అడ్డంగా బీరువా పెట్టించాడు. ఇంకాస్త సాగింది. మోత భరించలేనని ఫోను వరండాలోకి పంపించేశాడు. తను గంట కొట్టందే ఎవరూ గడప దాటకూడదన్నాడు. ఇక చూసుకోండి! నిజం చెప్పొద్దూ, ఆ దూరం ఆయనకు హాయిగానే ఉండేది. చిన్నప్పుడంతా ఇరుకింట్లో అక్క పక్కన కాళ్ళు ముడుచుకుని పడుకున్న మనిషి కదా. ఇన్నాళ్ళకు కాళ్ళు చాపుకునే చోటు దొరికింది.

ఫ్రీజరు గది తాళంచెవి మునుపు ఆ గది పక్కనే మేకుకి వేలాడేది. ఎవరు పడితే వాళ్ళు తలుపు తీసి చల్లదనం పాడుచేస్తున్నారని ఆయన దాన్ని తన టేబుల్ మీదికి తెప్పించుకున్నాడు. ఆ తలుపేమో మూయగానే దానంతటదే తాళం పడిపోయే రకం. ఒక్కో లోడుకూ అంత దూరం ఎవడు నడుస్తాడండీ? పొద్దున్నే ఒకసారి తెరిపించి, సందులో ఒక చేపల పెట్టె అడ్డం పెట్టి, సాయంత్రం దాకా నెట్టుకొచ్చేవారు. చల్లదనం మునుపటికన్నా ఎక్కువే పోయేది, ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

అదే గోదాములో ఆయన సొంత అక్క స్టోరు సూపర్‌వైజరు. అమ్మ పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఆ రోజు పొద్దున ఆవిడ గంట కోసం చూడకుండా గదిలోకి వచ్చేసింది. నడిచింది, నడిచింది. సగం దూరం వచ్చేసరికి ఆయాసం ముంచుకొచ్చి, మోకాళ్ళు పట్టుకుని ఆగిపోయింది. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని ఏదో అరిచింది. ఆయనకు ఒక్క ముక్క వినపడలేదు. సెలవు కోసమై ఉంటుందిలే అనుకుని, తర్వాత చూద్దాం పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ వెనక్కి తిరిగింది.

మధ్యాహ్నం తలుపు దగ్గర తలలు గుమిగూడాయి. అందులోంచి అటెండరు పరుగెత్తుకు రావడం కనిపించింది. భుజాన ఫ్లాస్కు లేదు. అతను పరుగెత్తుతుండగా చూడటం మేనేజరుకు అదే మొదటిసారి. మాట అందేంత దగ్గరికి వచ్చాక అటెండరు కూలబడిపోయాడు.

"తాళంచెవి, సార్! అక్కగారు ఫ్రీజర్లో ఉండిపోయారు! అడ్డం పెట్టిన పెట్టెని ఎవరో లారీకెక్కించేశారు. తలుపు పడిపోయింది."

"లోపల్నుంచి తీసుకోవచ్చు కదయ్యా!"

"లోపలి పిడి విరిగిపోయింది సార్. పొద్దున ఆవిడ చెప్పడానికొచ్చింది అదే! గునపాలతో పొడుస్తున్నా తలుపు కదలట్లేదు."

మేనేజరు తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని ఒక్క ఉదుటున లేచి పరుగు లంకించుకున్నాడు. పరుగెత్తుతూనే, అయ్యో, ఇది పైవాళ్ళకు తెలిస్తే నా గతేంటి అనుకున్నాడు. అనుకోవడమే ఆలస్యం, తలుపు ఇంకాస్త దూరం జరిగింది. పొడుస్తున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. లోపలున్నది అసలే చలికి తట్టుకోలేని మనిషి. ఆయన గొంతు చించుకుని అరిచాడు. అరుపు సగం దారిలోనే పడిపోయింది. రెండు చేతులూ ఎత్తి పిచ్చివాడిలా ఊపాడు. గడప దగ్గరున్నవాళ్ళు ఆ చేతులు చూసి, సార్ పొమ్మంటున్నారనుకుని, రెండడుగులు వెనక్కి వేశారు.

మేనేజరు దారి మధ్యలోనే ఆగిపోయాడు. వెనక నుంచి అటెండరు దేక్కుంటూ వచ్చి ఆయన పంట్లాం పట్టుకున్నాడు.

"ఏం చెయ్యనన్నా?" అన్నాడు మేనేజరు. "నాకేం తోచట్లేదు. అక్క చచ్చిపోతుంది!"

"చెయ్యి అటు విసురుతారేంటండీ? ఇటు లాక్కోండి. రమ్మనండి వాళ్ళని!"

మేనేజరు అరచెయ్యి తనవైపు తిప్పుకున్నాడు. రండి, రండి అని గాలిని గుండెలకేసి లాక్కున్నాడు. ఉద్యోగం గిద్యోగం ఏవీ గుర్తు లేవు. ముందు ఒక లోడరు భయపడుతూ గడప దాటాడు. ఆ చివరి గోడ ఒక్కసారిగా ముందుకొచ్చింది. వెనకే ప్యాకింగ్ ఆడవాళ్ళు, డ్రైవర్లు, గునపాలవాళ్ళు, "జరగండి, జరగండి" అనుకుంటూ తోసుకొచ్చారు. మనిషి వచ్చినకొద్దీ గది కుంచించుకుపోయింది. టేబులు సర్రున జారుకుంటూ వచ్చి, మేనేజరు నడుముకు ఠపీమని తగిలి, ఆయన్ని గడప అవతల పడేసింది. పడ్డవాడు పడ్డట్టే లేచి ఫ్రీజరు వైపు పరుగెత్తాడు.

తలుపు తెరిచేసరికి అక్క పెట్టెల మధ్య ముడుచుకుని కూర్చుని ఉంది. పెదాలు నీలంగా మారిపోయాయి. పిలిస్తే పలకలేదు. అంబులెన్సు బయల్దేరిందన్నారు గానీ, గోదాములో వెచ్చటి చోటేది? ఎత్తుకొచ్చి ఆ గదిలోనే కూర్చోబెట్టారు. అది ఇప్పుడు ఎంత ఇరుకైపోయిందంటే, ఒకరి ఊపిరి ఇంకొకరి మెడకు తగులుతోంది. ఎవరూ బయటికి పోలేదు. ఒంటిమీది కోట్లన్నీ ఆవిడ మీద కప్పి, చుట్టూ ఒత్తుకుని నిలబడ్డారు. ఆ వేడికి గోడలకు చెమటలు పట్టాయి. మేనేజరు ఆవిడ పాదాలు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తెరువు, కళ్ళు తెరువు అని గొణుగుతూనే ఉన్నాడు.

అంబులెన్సు మోత వినపడేసరికి ఆవిడ వణకడం మొదలెట్టింది. తర్వాత కళ్ళు తెరిచింది.

"పొద్దున నువ్వు చెప్పింది నాకు వినపడలేదక్కా," అన్నాడు.

"వినపడకపోతే లేచి రావాలిరా," అంది అక్క. "సగం దాకా నేను వచ్చాను కదా."

ఆ ఇరుకులో మొహం దాచుకోవడానికి చోటు లేదు. మేనేజరు అందరి ముందే భోరుమన్నాడు.