పాళెం బావి నీటిబొట్టు

బోగోలు ఆరోగ్య కేంద్రానికి కొత్త సూక్ష్మదర్శిని వచ్చిన వేసవిలోనే సముద్రపొడ్డు జాలర్ల పాళెంలో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. హెల్త్ ఇన్‌స్పెక్టర్ ఆనందబాబు పాళెం బావినీళ్ళు సీసాలో పట్టుకుని, యంత్రంతో సహా బిట్రగుంట రైల్వే కాలనీలో జరుగుతున్న ఆరోగ్య ప్రదర్శనకు వెళ్ళాడు.

చెట్టు నీడన బల్ల వేయించి, చుట్టూ మూగిన ఆడవాళ్ళకు ఉత్సాహంగా వివరించాడు. "కింద ఈ అద్దం వెలుతురును పైకి పంపిస్తుంది. ఈ పలక మీద గాజుబిళ్ళ, దాని మీద నీటిబొట్టు. బొట్టుకు దగ్గరున్న కటకం దాన్ని పెద్దది చేస్తుంది. కంటి దగ్గరున్న కటకం ఆ పెద్దదాన్ని ఇంకా పెద్దది చేస్తుంది. పక్కనున్న మరలు తిప్పితే బొమ్మ తేటపడుతుంది."

ఒక్కొక్కరే వంగి చూశారు. నల్లగా, వంకరగా, తోక సన్నబడిన పురుగు!

"కదలడంలేదే?" అన్నదొకావిడ.

"చచ్చిందమ్మా," అన్నాడు తడుముకోకుండా. "పాళెం వాళ్ళు తాగే నీళ్ళివి."

ఎండుచేపల గంపతో అక్కడే నిలబడి ఉన్న పాళెం మనిషి పోలేరమ్మ వైపు అందరి తలలూ తిరిగాయి. ఆ రోజు ఆమె గంప దించనైనా దించకుండా వెనక్కి వెళ్ళింది. మర్నాడే ఆనందబాబు బావి మీద ముళ్ళకంపలు వేయించాడు. పాళెం ఆడవాళ్ళు చేలకవతల బావికి బిందెలు మోశారు. కాలనీలో వాళ్ళ చేపలు కొనేవాళ్ళు లేకపోయారు.

కొన్నాళ్ళకు మలేరియా పరీక్షకు తెచ్చిన రక్తపు గాజుబిళ్ళను పలక మీద పెట్టి చూశాడు ఆనందబాబు. అందులోనూ అదే పురుగు! బిళ్ళను జరిపాడు. రక్తం జరిగింది, పురుగు జరగలేదు. కింది కటకం మార్చాడు. పురుగు అలాగే ఉంది. కంటి కటకాన్ని మెల్లగా తిప్పాడు. దాంతోపాటు పురుగూ తిరిగింది. కటకాన్ని ఊడదీసి వెలుతురుకు పట్టి చూశాడు. లోపలి గాజుకు అంటుకుని ఉంది, తుడుపుగుడ్డ పోగు.

మరక ఏ భాగం తిరిగితే తిరుగుతుందో ఆ భాగం మీదే ఉంటుందని శిక్షణలో మొదటివారమే చెప్పారు. ప్రదర్శన రోజు ఆయన ఒక్కసారైనా తిప్పి చూడలేదు. మొహం వేడెక్కిపోయింది. ఉఫ్ అని ఊదేస్తే ఎవరికీ తెలియదు. ఊదబోయి, పోలేరమ్మ గంప గుర్తొచ్చి ఆగిపోయాడు. కటకాన్ని పోగుతో సహా తిరిగి బిగించాడు.

పాళెం వెళ్ళి పోగు సంగతంతా చెప్పాడు. "తప్పు నాది. బావిలో బ్లీచింగ్ మందు కలిపిస్తాను. కంపలు తీసేయండి."

"మా ఆడోళ్ళని చూసి ముక్కులు మూసుకున్నారయ్యా," అన్నాడు పాళెం పెద్ద మాలకొండయ్య.

పోలేరమ్మ ముందుకొచ్చింది. "మాకు చెప్తే ఏమొస్తాది సారూ? పురుగుందని ఆడ గదా చెప్పినారు. లేదని గూడా ఆడనే చెప్పండి."

ఆయన తల వంచుకుని సరేనన్నాడు.

మర్నాడు గంపతో ఆమె, పెట్టెతో ఆయన కాలనీలో అడుగుపెట్టారు. మొదటి ఇంటి అరుగు మీద యంత్రం పెట్టి, కంటి కటకం తిప్పి చూపించాడు. "నీళ్ళలో పురుగు లేదమ్మా. నా అద్దంలో గుడ్డపోగు. నేనే సరిగా చూడలేదు."

ఆ ఇంటావిడ చూసి పకపకా నవ్వింది. "ఇంత చదువుకుని ఇదా?" అంటూనే వీశెడు చేపలు తీసుకుంది. పక్కింటామె యంత్రం వైపు చూడనే లేదు, "ఏమో, మాకొద్దు," అని తలుపు వేసుకుంది. ఒక రైలు గార్డుగారు మెట్ల మీద నిలబడి, నలుగురూ వినేలా మొదటినుంచీ మళ్ళీ చెప్పించుకున్నాడు. ఆనందబాబు చెవులు ఎర్రబడ్డాయి. ప్రతి గుమ్మంలోనూ అదే మాట, ప్రతిసారీ నేల చూపులు.

వీధి చివరికొచ్చేసరికి గంప సగమే ఖాళీ అయింది. ఇక చాలంటుందేమోనని ఆయన పోలేరమ్మ వైపు ఆశగా చూశాడు.

ఆమె చుట్టకుదురు సర్దుకుని గంప నెత్తికెత్తుకుంది. "అవతల ఇంకో వీధి ఉండాది సారూ. రండి."

ఆయన పెట్టె భుజానికెత్తుకుని ఆమె వెనకే నడిచాడు.