అష్టమి నాడు సముద్రం రాదు

పన్నెండు ఇళ్లను సముద్రం తీసుకుపోయిందని ఎమ్మార్వో చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన సముద్రం వైపు చూడలేదు, ఊరి జనం వైపూ చూడలేదు. చేతిలో కాగితాల వైపు చూసుకుంటూ, ఇది ప్రకృతి వైపరీత్యమనీ, ఎవరి చేతుల్లోనూ లేదనీ, ప్రాణాలు దక్కాయి, అదే పదివేలనీ గడగడా అప్పజెప్పేశాడు.

చినమొగపాలెం జనం ఇంకా కంపెనీ లారీల దగ్గరే నిలబడి ఉన్నారు. నిన్న సాయంత్రం ఇదే ఎమ్మార్వో జీపుకి మైకు కట్టించి ఊళ్లో తిప్పాడు. గాలి లేస్తోంది, సముద్రం మీదికొస్తోంది, ఇళ్లు ఖాళీ చేసి పరవాడ స్కూలుకి పోయే లారీలెక్కమన్నాడు. ఎక్కారు. పోలీసుకి, షావుకారికి ఎదురు తిరిగిన మొండివాళ్లు ఆ పాలెంలో చాలామందే ఉన్నారు. కానీ సముద్రం పేరు చెబితే ఎంత మొండివాడైనా కదిలిపోతాడు. పుట్టినప్పటి నుంచీ వాళ్లు మర్యాద ఇచ్చింది దానికొక్కదానికే. ఆ సంగతి కంపెనీకి ఎవరో బాగా చెప్పి ఉంటారు.

మరిడమ్మ తన ఇల్లు ఉండాల్సిన చోట నిలబడింది. నలభై ఐదేళ్ల మనిషి. మొగుడు తొమ్మిదేళ్ల కిందట వేటకు పోయి తిరిగి రాలేదు. అనకాపల్లి మార్కెట్లో చేపల తట్ట పెట్టుకుని కూతుర్ని పెంచి పెళ్లి చేసింది. ఆమెకు మిగిలింది ఈ మట్టిగోడల ఇల్లు, దాని ముందున్న సముద్రం. ఇప్పుడు సముద్రం మాత్రమే ఉంది.

ఏడవడానికి నోరు తెరిచిన మనిషి ఏడవలేదు. గోడల్ని చూసింది. సముద్రం ఇల్లు కూల్చడం ఆమె చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది. అది ముందు పునాది కింద ఇసుకని నాకుతుంది, గోడ సముద్రం వైపే ఒరుగుతుంది, పైకప్పు తేలిపోతుంది. ఇక్కడ గోడలన్నీ ఊరివైపు పడి ఉన్నాయి. తాటాకు కప్పు అక్కడే నుజ్జయి ఉంది. మరిడమ్మ వంగి ఇసుక పిడికిట్లోకి తీసుకుంది. వేళ్ల సందుల్లోంచి జలజలా రాలిపోయింది. నాచు, గవ్వలు తెచ్చి నీరు వదిలేసిన గీత అక్కడికి ఇరవై బారల కిందనే ఆగిపోయి ఉంది.

ఆమె ఎమ్మార్వో దగ్గరికి వెళ్లి, నిన్న ఏం తిథి అని అడిగింది. ఆయనకి తెలియదు. పక్కనున్న వాళ్లకీ తెలియదు.

"అష్టమి బాబూ. అష్టమి నాడు నీరు సగం సచ్చుంటాది. ఎక్కడమూ తక్కువే, దిగడమూ తక్కువే. ఆ నీరు మా గుమ్మం దాకా ఎలాగొచ్చింది? మీరు మైకులో పిలిత్తే వచ్చీసిందా?"

జనంలో గుసగుస మొదలైంది. అష్టమి, అష్టమి అని ఒకరికొకరు చెప్పుకున్నారు. నిన్న లారీ ఎక్కేటప్పుడు ఈ మాట ఒక్కరికీ తట్టలేదు. పంచాంగం లేకుండానే వేళ్ల మీద నీరెక్కే పోటూ, దిగే పాటూ లెక్క చెప్పే జాతి, మైకు మాట విని పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తింది. ఆ సిగ్గు అందరి మొహాల్లోనూ కనిపించింది. ఎమ్మార్వో మాత్రం, ఇవన్నీ సైంటిస్టులు చూసుకుంటారన్నాడు. ఇళ్లు పోయిన వాళ్లకి దేవరాపల్లి అవతల స్థలాలు చూపిస్తామనీ, మిగతా అరవై ఇళ్ల వాళ్లు కూడా అటే పోతే మంచిదనీ చెప్పి జీపు ఎక్కాడు. దేవరాపల్లి నుంచి సముద్రం చూడాలంటే రెండు బస్సులు మారాలి. అక్కడ వల ఎక్కడ ఆరేసుకోవాలి, చెరకు తోటలోనా అని తలుపులమ్మ అనే ముసలామె జీపు వెనక నుంచి అడిగింది. జీపు ఆగలేదు.

అసలు ఆ ఊరికి ఎటు కదలడానికీ దారి లేదు. నాలుగేళ్ల కిందట, రెండు వేల ఒకటిలో కంపెనీ వచ్చింది. పడమటి వైపు గోడ కట్టింది. గోడకీ ఊరికీ మధ్య గెడ్డ అనే చిన్న ఏరు ఉంది. దాని మీద వంతెన, వంతెన చివర గేటు, గేటు దగ్గర పాసు. చేపల తట్టతో అనకాపల్లి పోవాలన్నా పాసు చూపించాలి, పురుటి నొప్పులొచ్చినా పాసు చూపించాలి. ఊరికి దక్షిణంగా కంపెనీ సముద్రంలోకి రాళ్ల గట్టు వేసింది. దానితో ఇసుకంతా గట్టుకి అవతల మేటవేసి, గెడ్డ సముద్రంలో కలిసే మొగని మూసేసింది. ఇవతల ఇసుక లేక సముద్రం ఏడాదికి ఇంత అని ఊరిని కోసుకు తింటోంది. కంపెనీ పంపులు వదిలే మురుగు పోయే దారి లేక గెడ్డలో నిండి ఇళ్ల వెనక పులిసిపోతోంది. ముందు ఉప్పునీరు, వెనక విషపు నీరు, పక్కన గోడ. బోనుకి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ మధ్యాహ్నం వలల పాకలో ఊరంతా కూర్చుంది. కులపెద్ద సింహాచలం ముసలివాడు, మంచివాడే, కానీ భయపడిపోయాడు. స్థలాలు తీసుకుందాం అన్నాడు. కుర్రాళ్లు మండిపడ్డారు. కొందరు గేటు తగలబెడదామన్నారు, కొందరు కలెక్టరుకి అర్జీ పెడదామన్నారు. ఇదివరకు పెట్టిన అర్జీలు ఏమయ్యాయని ఆడవాళ్లు నిలదీశారు. అంతా అరిచి అలిసిపోయాక సింహాచలం మెల్లగా అసలు మాట చెప్పాడు.

"నిన్నటిది అబద్ధమే మరిడీ. నువ్వు సెప్పింది నిజమే. కానీ ఇంకారు రోజుల్లో అమాస. ఆషాఢం అమాస. పైగా గాలి దక్షిణం తిరిగింది. అప్పుడూ జీపొత్తాది. అప్పుడు మైకు అబద్ధం సెప్పదు. ఎల్లిపోతే మిగతా ఇల్లు ఆల్లు కూల్చేత్తారు. ఉండిపోతే సముద్రం కూల్చేత్తాది. నన్నేటి సెయ్యమంటావు?"

ఆ రోజూ, తర్వాత మూడు రోజులూ మరిడమ్మ టార్పాలిన్ కింద పడుకుని నీటి చప్పుడు వింటూ గడిపింది. రోజురోజుకీ పోటు నీరు ఒక అడుగు పైకి వస్తోంది. సొంత ఇంట్లో దొంగకి భయపడ్డట్టు ఆమె సముద్రానికి భయపడింది. ఆ భయం మీద ఆమెకే ఒళ్లు మండిపోయింది.

నాలుగో రోజు రత్నరాజు వచ్చాడు. పరవాడ దగ్గర క్రైస్తవపేట మనిషి, కంపెనీ పంపుహౌసులో కాంట్రాక్టు కూలి. పాలెం వాళ్లకి ఆ కూలీలంటే కడుపుమంట. మన నేల మీద వాళ్లకి ఉద్యోగాలని తిట్టుకుంటారు. అతను పాకలోకి వచ్చి, కూర్చోకుండా, అష్టమి నాడు గోడ మీది దీపాలు ఆర్పమని తనకే చెప్పారనీ, ఆర్పాననీ, రెండు పొక్లెయిన్లు వంతెన దాటి పోవడం కళ్లారా చూశాననీ చెప్పాడు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే తల దించుకున్నాడు. సింహాచలం చెప్పు తీశాడు.

మరిడమ్మ అడ్డం పడింది. "ఆగు మావా. ఆడి మెడ మీద కూడా కాంట్రాక్టరు కాలుంది. ఆడు రానే రాకపోతే మనకి తెలిసేదా? ఏటి సెయ్యగలవు బాబూ, అది సెప్పు."

పంపులు ఆపగలం అన్నాడు రత్నరాజు. తను ఒక్కడే కాదు, పంపుహౌసులో పద్దెనిమిది మందీ. ఇంటి దగ్గర భార్య పుష్పకుమారి, పరవాడ మందుల కంపెనీలో ఊడ్చే మనిషి, ఈ పాపం కడుక్కుని రాకపోతే అన్నం పెట్టనందని కూడా చెప్పాడు. ఆ మాటకి పాకలో కొందరు నవ్వారు. నాలుగు రోజుల్లో అదే మొదటి నవ్వు.

పంపులు ఆగితే గెడ్డలోకి కొత్త నీరు రాదు. మరి ఉన్న నీరు ఎటు పోవాలి? అప్పుడు తలుపులమ్మ అంది, "మొగ కొట్టీండర్రా. మరిసిపోయేరేటి?"

నిజంగానే మరిచిపోయారు. పూర్వం మొగ మూసుకుపోయినప్పుడల్లా ఇంటికొక పార చొప్పున ఊరు కదిలేది. పాటు మొదలైనప్పుడు తవ్వడం మొదలుపెట్టేవారు. సముద్రం దిగిపోతూ గెడ్డ నీటిని తనే లాక్కునేది, ఆ వేగానికి కాలువ తనే వెడల్పయ్యేది. కంపెనీ వచ్చిన కొత్తలో, మీకెందుకా శ్రమ, మెషీను పంపుతామంది. ఊరు సంబరపడి పారలు అటకెక్కించింది. రెండేళ్లకి మెషీను రావడం మానేసింది. ఆ చోటు కంపెనీ హద్దని ముళ్లకంచె వచ్చింది. పని వదిలేసిన చోట హక్కు కూడా పోతుందని ఊరికి అప్పుడు తెలియలేదు. గెడ్డ ఖాళీ అయితే అమావాస్య పోటు ఎక్కినా ఆ నీరు వెనక్కి జారిపోవడానికి దారుంటుంది. ఇళ్లు నానుతాయి గానీ నిలుస్తాయి. మనుషులు ఇళ్లలోనే ఉండొచ్చు.

సింహాచలం చాలాసేపు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. అమావాస్య పొద్దున్న తొమ్మిదికి పోటు ఆగుతుంది, మూడుకి నీరు అడుగంటుతుంది, మళ్లీ రాత్రి తొమ్మిదికి పెద్ద పోటు. మధ్యలో ఆరు గంటలు. "సాల్తాయి," అన్నాడు, చెప్పు కాలికి వేసుకుంటూ. మరిడమ్మ ఇంటింటికీ తిరిగి, నడవగలిగిన వాళ్లెవరూ లారీ ఎక్కొద్దని చెప్పింది.

అమావాస్య నాడు జీపు ఎనిమిదింటికే వచ్చింది. వెనక నాలుగు లారీలు. ఊరు పిల్లల్నీ, బాలింతల్నీ, లేవలేని వాళ్లనీ ఎక్కించింది. సముద్రంతో పంతం పట్టకూడదు, అది కంపెనీ కాదు. మిగతా వాళ్లు మాత్రం ఎక్కలేదు. ఎమ్మార్వో మైకులో అరుస్తూ ఉండగానే నూట నలభై మంది పారలు, తట్టలు పట్టుకుని రాళ్ల గట్టు దాటి నడిచారు. కంచె తీగ మీద గోనె సంచులు పరిచి, దాటి, మేట మీదికి ఎక్కారు.

సముద్రం ఏ ఇంటి మనిషిని తీసుకుందో ఆ ఇల్లే మొదటి పార వెయ్యాలి. అది ఊరి ఆచారం. సింహాచలం పార మరిడమ్మ చేతికిచ్చాడు. తొమ్మిదేళ్లుగా ఆమె ఆ సముద్రం ముందు ఏ పనీ మొదలుపెట్టలేదు. మొగుడి పేరు మనసులో అనుకుని గట్టిగా దింపింది.

రెండు వరసలు కట్టారు. ఒక వరస తవ్వుతుంటే ఒక వరస తట్టలు మోసింది. పది గంటలకి గోడ అవతల పంపుల రొద ఆగిపోయింది. నాలుగేళ్లుగా పగలూ రాత్రీ చెవుల్లో ఉన్న ఆ చప్పుడు ఆగేసరికి అందరూ ఒక్క క్షణం పారలు ఆపి విన్నారు. తర్వాత ఇంకా గట్టిగా తవ్వారు. ఇసుక పైన పొడి, కింద తడి, ఇంకా కింద నల్లటి కంపెనీ బురద. కాళ్లు మండాయి. ఎవరూ బయటికి రాలేదు.

పన్నెండు దాటాక పోలీసులు వచ్చారు. ఇది కంపెనీ ఆస్తి, బయటికి నడవండని ఎస్సై అన్నాడు. అప్పటికి కాలువ సముద్రం వైపు నడుము లోతు పడింది. గెడ్డ వైపు ఇంకా పది బారల ఇసుక మిగిలింది.

"ఇది ఎవరి ఆస్తో రాత్రి తొమ్మిదింటికి సముద్రం సెప్తాది బాబూ," అంది మరిడమ్మ. "అంతదాకా మమ్మల్ని తవ్వనియ్యి."

లాఠీలు లేచాయి. సింహాచలం నుదురు పగిలింది. ముందు వరసలో ఉన్న వాళ్లని ఈడ్చి వ్యానులో పడేశారు. ఒకరి చేతిలోంచి పార జారితే వెనకున్న మనిషి అందుకుంది. ఆ మనిషిని ఈడిస్తే ఇంకొకరు. మరిడమ్మని జుట్టు పట్టుకుని లాగినప్పుడు ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఇంకా ఆరు బారల ఇసుక ఉంది. వ్యాను తలుపు మూసేశారు.

పరవాడ స్టేషనులో పెడితే జనం వస్తారని అనకాపల్లి తీసుకొచ్చారు. చేపలు అమ్మడానికి ఆమె ఇరవై ఏళ్లుగా నడిచిన వీధుల్లోంచే వ్యాను వెళ్లింది. స్టేషను వరండాలో పాతిక మంది ఆడవాళ్లని కుక్కి గ్రిల్లు వేశారు. మగవాళ్లని వెనక గదిలోకి తోశారు. గోడ మీద గడియారం ఉంది. మరిడమ్మ దాన్ని చూస్తూ కూర్చుంది. రెండయింది. నీరు ఇంకా దిగుతూ ఉంటుంది. మూడయింది. ఇక దిగదు. మూడున్నర అయింది. తెగకపోతే? ఆరు బారల ఇసుక దగ్గర ఆగిపోతే? ఇళ్లలో ఉండండని, లారీ ఎక్కొద్దని అందరికీ చెప్పింది తనే. రాత్రి తొమ్మిదికి ముందు నుంచి పోటు, వెనక నుంచి గెడ్డ కలిసి మీద పడితే ఆ చావులన్నీ తన మెడకే. అందరి కళ్లూ గడియారం మీదే ఉన్నాయి.

ఐదవుతుండగా ఇంకో వ్యాను వచ్చింది. దిగిన ఆడవాళ్లు ఎదురురొమ్ము దాకా తడిసి ఉన్నారు. చీరల నిండా నల్ల బురద. సగం మంది పాలెం వాళ్లు. మిగతా సగం మరిడమ్మకి తెలియని మొహాలు, మందుల కంపెనీ యూనిఫారం చొక్కాలు. ముందున్న మనిషి గ్రిల్లు పట్టుకుని, మీలో మరిడమ్మెవరని అడిగింది.

"నేనే."

"నేను పుష్పకుమారిని. రత్నరాజు ఇంటిదాన్ని." ఆమెకు రొప్పు తగ్గలేదు. "తెగిపోయిందమ్మా. రెండున్నరకి తెగిపోయింది. ఒడ్డులు ఇరుపక్కలా పెళ్లలు పెళ్లలుగా ఊడి పడతన్నాయి. గెడ్డ అడుగు కనబడతంది."

మరిడమ్మ రెండు చేతులూ గ్రిల్లు సందుల్లోంచి చాచి ఆమె తడి భుజాలు పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. ఇల్లు పోయిన రోజున రాని ఏడుపు, వరండా అంతా వినబడేలా ఏడ్చింది.

పంపుహౌసు వాళ్లని పద్దెనిమిది మందినీ ఉద్యోగంలోంచి తీసేశారనీ, వాళ్లు పోకుండా రాళ్ల గట్టు మీద కూర్చున్నారనీ పుష్పకుమారి చెప్పింది. తాము షిఫ్టు దిగుతూనే మందుల కంపెనీ బస్సు ఎక్కకుండా తిన్నగా అక్కడికే నడిచారట. కాలువ మళ్లీ పూడ్చడానికి పొక్లెయిను వచ్చింది. దాని ముందు జనం పడుకున్నారు. ఇంకా పడుకునే ఉన్నారు.

హెడ్ కానిస్టేబులు తాళంచెవి పట్టుకుని వరండాని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. ఇక్కడ కాలు పెట్టే చోటు కూడా లేదు, ఇంతమందిని ఎక్కడ పెట్టేదని ఎస్సై మీద విసుక్కున్నాడు.

మరిడమ్మ కళ్లు తుడుచుకుని, మోకాళ్లు దగ్గరికి లాక్కుని, గోడకి ఆనుకుంది. "జరగండర్రా," అంది తన వాళ్లతో. "సర్దుకుని కూకోండి. ఇంకా వత్తారు."