మెట్ల లెక్క

డొవాన్ రోజుకు పదకొండు సార్లు మెట్లెక్కుతుంది. ఆ లెక్క తీసింది ఆమె కోడలు న్యాన్. మెట్ల మొదట్లో గోడకు ఒక కాగితం అంటించి, నాయనమ్మ పైకి వెళ్లినప్పుడల్లా ఒక టైము, కిందికి వచ్చినప్పుడల్లా ఒక టైము రాయమని పదేళ్ల కూతురు తెప్‌కు అప్పజెప్పింది. బడికి సెలవులు. తెప్ నాలుగు రోజులు ఒక్కటీ వదలకుండా రాసింది.

ఇల్లు నాలుగు మీటర్ల వెడల్పు, ఐదు అంతస్తుల ఎత్తు. హనోయ్‌లో ఆ సందులో ఇళ్లన్నీ అంతే. కింద మోటారుసైకిళ్లు, వంటిల్లు. రెండో అంతస్తులో డొవాన్ గది. మూడులో న్యాన్, ఆమె భర్త కియెన్. నాలుగులో తెప్. ఐదో అంతస్తులో ముందువైపు కాలం చేసిన మామగారి, అంటే డొవాన్ భర్త, పటం ఉన్న పూజగది, వెనకవైపు బట్టలుతికే మిషను, ఆరేసే డాబా. డాబా మీద మూడు థర్మాకోల్ పెట్టెల్లో తూటికూర, బచ్చలి. కింది నుంచి అక్కడికి డెబ్బై ఆరు మెట్లు.

జూన్ మొదటి వారంలో ఆరిన బట్టల గంపతో దిగుతూ డొవాన్ నాలుగో అంతస్తు దగ్గర జారిపడింది. ఎముక విరగలేదు. మోకాళ్లు అరిగాయి, మెట్లు తగ్గించండి అన్నాడు డాక్టరు. ఆ మాటను ఇంట్లో తలా ఒక రకంగా విన్నారు.

"తగ్గించడం ఏంటి, మానెయ్యాలి," అంది డొవాన్ పెద్దకూతురు థోమ్. ఆమె ఊరి అవతల అపార్ట్‌మెంటులో ఉంటుంది. కబురు తెలిసిన పూటే వచ్చి కూర్చుంది. "మాది పద్దెనిమిదో అంతస్తు. అయినా అమ్మ కాలు కదపక్కర్లేదు, లిఫ్టుంది. నెలాఖరు ఆదివారం కారేసుకుని వస్తా. బట్టలు సర్దుకోమ్మా."

"నేను రాను. మీ నాన్నకు పొద్దున్నే అగరొత్తి ఎవరు వెలిగిస్తారే?" అంది డొవాన్.

"తమ్ముడు వెలిగిస్తాడు."

"వాడా? పెళ్లాం చెబితే గాని వాడికి పళ్లు తోముకోవడం గుర్తుండదు."

కియెన్ సేమ్యా గిన్నెలోంచి తలెత్తలేదు. "గుర్తుంటుందమ్మా. అప్పుడప్పుడు వాయిదా పడుతుంది, అంతే."

థోమ్ మరదలి వైపు తిరిగింది. "నువ్వేం అనుకోకు న్యాన్. నీకు ఉద్యోగం, పిల్ల. నీ వల్ల ఎక్కడవుతుంది చెప్పు."

"నెలాఖరుకి ఇంకా టైముందిగా వదినా. చూద్దాం," అంది న్యాన్.

న్యాన్‌ది బట్టల ఫ్యాక్టరీలో ఉద్యోగం. అక్కడ ఒక చొక్కా నలభై రెండు చేతులు మారి బయటికొస్తుంది. ఏ చేతి దగ్గర పని పేరుకుపోతోందో, ఏ చెయ్యి ఊరికే ఉంటోందో గడియారం పట్టుకుని చూసి, బల్లలు జరిపించడం ఆమె పని. పన్నెండేళ్ల కిందట ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆమెకు కూర తరగడం రాదు. ఫ్యాక్టరీ బస్సు ఆరున్నరకు. ఇన్నేళ్లలో ఆ బస్సు ఆమెకు ఒక్కరోజు కూడా తప్పలేదంటే, ఐదింటికే లేచి పొయ్యి దగ్గర నిలబడింది డొవాన్ కాబట్టి. అత్తగారు వెళ్లిపోతే పని ఆగదు, మనిషిని పెట్టుకోవచ్చు. కానీ వెళ్లనని ఆమె నోటితో చెప్పింది. వెళ్లనన్న మనిషిని వెళ్లగొట్టే ఇల్లు కాకూడదు తనది. న్యాన్‌కు పట్టుదల అక్కడ వచ్చింది.

తెప్ రాసిన కాగితం చూస్తే పదకొండులో ఎనిమిది ఐదో అంతస్తుకే. పని అంతా పైన ఉంది, మనిషి కింద ఉంది. న్యాన్ పనిని కిందికి దించింది. కియెన్, అతని స్నేహితుడు కలిసి బట్టల మిషనును వంటింటి వెనక్కి చేర్చారు. దండెం వాకిట్లోకి వచ్చింది. కూర పెట్టెలు గుమ్మం పక్కకు వచ్చాయి; నీళ్లు పొయ్యడం, బట్టలు ఆరెయ్యడం తెప్‌కు అప్పజెప్పారు. మోటారుసైకిళ్లు గోడకు ఒత్తుకుని, డొవాన్ మంచానికి చోటిచ్చాయి. పైన మరిచిన కళ్లజోడు కోసం ఎక్కకుండా ఇంకొకటి కొన్నారు. అగరొత్తికి కియెన్ ఫోన్లో అలారం పెట్టారు.

పది రోజులకు కాగితం మీద సున్నా వచ్చింది. ఫ్యాక్టరీలో అలాంటి అంకె వస్తే న్యాన్ దాన్ని ఫొటో తీసి మేనేజరుకు పంపేది. ఇప్పుడు వదినకు పంపింది. థోమ్ బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంది.

నెలాఖరు గురువారం సాయంత్రం న్యాన్ ఇంటికి వచ్చేసరికి డొవాన్ మంచం మీద సంచి పెట్టుకుని బట్టలు సర్దుతోంది.

"ఏంటత్తయ్యా ఇది?"

"ఆదివారం వస్తుందిగా అది. అప్పటికప్పుడు హడావిడి ఎందుకని."

"వెళ్లనన్నారు కదా."

"అప్పుడన్నాను. అప్పుడు నాకు ఇక్కడ పనుండేది." డొవాన్ ఒక చొక్కాను మడిచి, నచ్చక విప్పి, మళ్లీ మడిచింది. "మీ ఫ్యాక్టరీలో పని లేని బల్ల దగ్గర మనిషిని ఉంచుతారా?"

న్యాన్ జవాబు చెబితే ఉంచరనే చెప్పాలి.

"అక్కడా కూర్చోవడమే, ఇక్కడా కూర్చోవడమే. అక్కడైతే పెట్రోలు వాసన ఉండదు," అంది డొవాన్.

"సరే. ఏ పని తిరిగి కావాలో చెప్పండి. ఒక్కటి చెప్పండి. రోజుకు ఒక్కసారి ఎక్కితే మోకాలికేం కాదు."

"అగరొత్తి," అంది డొవాన్. సంచిలోకి చూస్తూ అంది.

న్యాన్ పాత కాగితం తీసి మెట్ల మీద కూర్చుంది. పొద్దున అగరొత్తికి: ఐదూ నలభైకి ఎక్కింది, ఐదూ యాభై ఐదుకు దిగింది. సాయంత్రం కూరకు నీళ్లు పొయ్యడానికి: ఐదింటికి ఎక్కింది, ఆరుంపావుకు దిగింది. మర్నాడూ అంతే. నాలుగు రోజులూ అంతే. మూడు పెట్టెల కూరకు నీళ్లు పొయ్యడానికి గంటంపావు. ఒక బొత్తాం కుట్టడానికి గంటంపావు పడితే ఆ బల్ల దగ్గర బొత్తాం కాక ఇంకేదో జరుగుతున్నట్టు. ఎన్నిసార్లు అని లెక్కపెట్టింది గాని, ఎంతసేపు అని చూడలేదు తను. కొత్తగా చేరిన వాళ్లను న్యాన్ ఈ తప్పుకే చీవాట్లు పెడుతుంది.

శుక్రవారం గంట ముందు సెలవడిగి వచ్చి, ఐదింటికి డాబా ఎక్కింది. డాబా ఖాళీగా ఉంది. మిషను ఉన్న చోట నేల మీద నాలుగు మచ్చలు. వెనక ఇంటి డాబాకు, ఈ డాబాకు మధ్య నడుమెత్తు గోడ. గోడ మీద మూత పెట్టిన గిన్నె ఒకటి. గోడ అవతల తాటాకు టోపీ కింద ఒక ముఖం.

"వచ్చావా!" అంది ఆ ముఖం. తర్వాత చూసి, "ఓ, నువ్వా. మీ అత్త ఏది?"

వెనక ఇంటి లువా. వయసులో డొవాన్ కంటే రెండేళ్లు పెద్ద.

"కింద ఉన్నారు."

"కింద ఉంటే నాకేం లాభం? వారం పైనైంది. ఒక రోజు మిషను లేదు, ఇంకో రోజు కూర పెట్టెలు లేవు. ఇల్లు అమ్మేశారేమో అనుకున్నా. తర్వాత అదే పోయిందేమో అనుకున్నా. పోతే బాజాలు వినపడేవి కదా అని సర్దిచెప్పుకున్నా."

"ఫోన్ చెయ్యకపోయారా?"

"ఫోన్లో ఏముంది? ఏం వండావే అంటే చెబుతుంది. రుచి చూపిస్తుందా?" లువా గిన్నె మూత తీసింది. ఉప్పులో ఊరిన వంకాయలు. "ఉప్పు ఎక్కువైందో లేదో దానికొక్కదానికే తెలుస్తుంది. మా కోడలు అన్నీ బావున్నాయంటుంది. బతకనేర్చింది."

"సందు తిరిగి వస్తే దగ్గరే కదా."

"ఎక్కడి దగ్గర? మా గుమ్మం అవతలి సందులోకి. పెద్దరోడ్డెక్కి చుట్టూ తిరిగి రావాలి. ఈ తుంటితో నేను రాలేను, ఆ మోకాళ్లతో అది రాలేదు. ఇరవై ఆరేళ్లుగా మాకిదే వీధి అరుగు," అని లువా గోడను అరచేత్తో కొట్టింది.

న్యాన్ ఒక వంకాయ తిని ఉప్పు సరిపోయిందంది. లువా నమ్మలేదు.

మెట్లు దిగుతూ న్యాన్ లెక్క సరిచేసుకుంది. మిషనును దించొచ్చు, పెట్టెలను దించొచ్చు. గోడను దించలేం. ఫ్యాక్టరీలో కదలని యంత్రం ఉంటే ఏం చేస్తారో ఆమెకు తెలుసు. మనిషి బల్లను అక్కడికి జరుపుతారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. "అత్తయ్య గది ఐదో అంతస్తులో వేద్దాం."

కియెన్ చేతిలో అన్నం తినే పుల్లలు ఆగిపోయాయి. "మోకాళ్లు నొప్పులంటే డాబా ఎక్కిస్తావా? అక్క నన్ను చంపేస్తుంది."

"కింద ఉంటే పైకి ఎక్కాలి. పైనే ఉంటే ఎక్కక్కర్లేదు. పొద్దున ఒక్కసారి దిగి వంటా బజారూ చూసుకుని, ఒక్కసారి ఎక్కుతారు. మూడో అంతస్తు దగ్గర కుర్చీ వేస్తాం. రెండో వైపు కూడా పట్టుకునే కమ్మీ కొట్టిస్తాం. ఒంట్లో బాగాలేని రోజు అసలు దిగరు. స్నానాలగది పైన ఉండనే ఉంది. రెండో అంతస్తు గదిలో ఏసీ పైకి మారుద్దాం. రాత్రి భోజనం అందరం పైనే. ఎనిమిదింటికి ఎండ ఉండదు, గాలి ఉంటుంది."

"నాన్న పూజగదిలో అమ్మ పడుకోవడమేంటి? తప్పు కాదూ?"

"ముప్పై ఎనిమిదేళ్లు ఆయన పక్కనే పడుకున్నాను. అప్పుడెవరూ తప్పనలేదు," అంది డొవాన్.

న్యాన్ అత్తగారి గిన్నెలో అన్నం వేసింది. "అంటే అగరొత్తి కోసం కాదన్నమాట అత్తయ్యా."

"లువాతో కబుర్ల కోసం ఎక్కుతానంటే మీ వదిన ఊరుకుంటుందా? చచ్చిపోయినాయన పేరు చెబితే ఎవ్వరూ నోరెత్తరు. బతికుండగా ఆయన ఏ పనికీ సాయం రాలేదు. ఇప్పుడైనా రానీ."

"అయితే బట్టల మిషను?" అన్నాడు కియెన్.

"అది కూడా పైకే."

"మొన్ననే కదా దించాను!"

"దారి తెలిసిందిగా. ఈసారి తొందరగా అవుతుంది," అంది డొవాన్.

శనివారం అంతా పనిలో గడిచింది. పటానికీ మంచానికీ మధ్య చెక్క తడిక నిలబెట్టారు. మెట్ల మధ్య ఖాళీలో, పైకప్పు కొక్కేనికి ఒక గిలక, తాడు, తాడుకు బకెట్టు కట్టారు. కింద ఒక గంట, పైన ఒక గంట. కూర పెట్టెలు కియెన్ భుజం మీద డాబాకు తిరిగి వెళ్లాయి. డొవాన్ మూడో అంతస్తు కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చుని, రెండు కమ్మీలూ పట్టుకుని పైకి చేరింది. సాయంత్రం ఐదింటికి గోడ దగ్గరికి వెళ్లింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో న్యాన్ వినలేదు. ఆరున్నరకు పై గంట మోగి, బకెట్టులో వంకాయల గిన్నె దిగింది. వంకాయలకు ఉప్పు ఎక్కువైందట, ఎవరూ ఎక్కువ తినొద్దట.

ఆదివారం ఐదింటికి థోమ్ వచ్చింది. కారు పెద్దరోడ్డు మీద ఆపింది. కింద మోటారుసైకిళ్ల పక్కన మంచం కనిపించలేదు. "అమ్మేది?" అంటే తెప్ పైకి చూపించింది. డెబ్బై ఆరు మెట్లు ఎక్కి, డాబా గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకుంది థోమ్. డొవాన్ బచ్చలి ఆకులు కోస్తోంది. న్యాన్ దండెం మీద బట్టలు తీస్తోంది.

"అమ్మను అటకెక్కించావా న్యాన్? జనం వింటే ఏమంటారు?"

"ఏ జనం?" గోడ అవతల నుంచి లువా అంది. "ఇక్కడున్న జనం నేనే. నన్నడుగు."

థోమ్ ఆమెకు నమస్కారం చేసి మళ్లీ మరదలి మీదికే వచ్చింది. "డాక్టరు ఏమన్నాడు? నువ్వేం చేశావు?"

"తగ్గించమన్నాడు వదినా. పదకొండు ఉండేది, ఒకటి అయింది."

"సున్నా అయిందని నాకు నువ్వే పంపావు. సున్నా కంటే ఒకటి తక్కువా?"

"సున్నా అయ్యాకే నేను సంచి సర్దుకున్నాను," అంది డొవాన్.

"సర్దుకున్నావు కదా. మరి పద. కారుంది."

డొవాన్ ఆకుల గిన్నెను ఒళ్లో పెట్టుకుంది. "మీ పద్దెనిమిదో అంతస్తులో మీ పక్కింటావిడ పేరేంటే?"

థోమ్ నోరు తెరిచింది. ఆ ఇంటికి వెళ్లి ఆమెకు నాలుగేళ్లు. పక్కింటి తలుపు రంగు చెప్పగలదు. "వాళ్లకో కుక్క ఉంది," అంది చివరికి.

లువా పకపకా నవ్వింది. డొవాన్ నవ్వలేదు. "నీ మీద కోపం కాదమ్మా. నువ్వు పిలిచావు, అది చాలు. పాడ్యమికి, పౌర్ణమికి నువ్వే ఇటు రా. కాలు జారిందంటే నీకు కబురు ముందు లువా నుంచే వస్తుంది. ఈ ఇంట్లో వాళ్లకు అది తర్వాత తెలుస్తుంది."

"నా నంబరు ఆవిడ దగ్గరుందా?"

"లేదు, ఇయ్యి," అంది లువా ఫోను చాచి. థోమ్ గోడ దగ్గరికి వెళ్లి అంకెలు నొక్కింది. వంకాయ ఒకటి తినక తప్పలేదు. ఉప్పు గురించి ఏమీ అనలేదు.

వెళ్లడానికి లేచేసరికి డొవాన్ మడత పెట్టిన బట్టలు తెచ్చి కూతురి చేతుల మీద పేర్చింది. "చేతులూపుకుంటూ దిగకు. పైవి తెప్‌వి, నాలుగులో పెట్టు. కిందివి వాళ్లిద్దరివి, మూడులో."

"కమ్మీ ఎలా పట్టుకోనమ్మా?"

"నీ మోకాళ్లకేం తెగులు?"

థోమ్ నాలుగులో ఆగింది, మూడులో ఆగింది. కిందికి వచ్చి చెప్పులు వేసుకోబోతుంటే గంట మోగింది. మెట్ల మధ్య నుంచి బకెట్టు దిగింది. అందులో అరటినారతో కట్టిన తూటికూర కట్ట, ఆమె తీసుకెళ్లడానికి. ఐదంతస్తుల మీద నుంచి తల్లి గొంతు వినిపించింది. "ఖాళీ బకెట్టు పంపకే! తాగే నీళ్లు పెట్టు!"

థోమ్ చెప్పులు వదిలి వంటింట్లోకి వెళ్లింది. ఆమె వెనకే దిగివచ్చిన న్యాన్ సీసాలున్న అర చూపించింది.

"ఎన్ని పెట్టను?"

"నాలుగు. ఆరు పెడితే తాడు జారుతుంది."

థోమ్ నాలుగు పెట్టి, తాడును చేతికి ఒక చుట్టు చుట్టుకుని, లాగింది.